ఫేక్ పెట్టకుండా జాబ్ కొట్టాలంటే

హైదరాబాద్ అమీర్‌పేటలో సాఫ్ట్‌వేర్ కోర్సు చివరికొచ్చేసరికి ప్రతి బ్యాచ్‌లోనూ ఈ మాట మొదలవుతుంది: "ఫ్రెషర్‌ని ఎవడూ పిలవడు. రెజ్యూమేలో రెండున్నరేళ్ల అనుభవం ఉన్నట్టు పెట్టేయ్, అందరూ అదే చేస్తున్నారు." చెప్పేవాళ్లు పరాయివాళ్లేం కాదు. హాస్టల్ రూమ్మేట్, ఊరి నుంచి ముందే వచ్చిన అన్న, ఒక్కోసారి పాఠం చెప్పిన సారే. అందులో సగం నిజం ఉంది కాబట్టే వినేవాళ్లకు కాదనడానికి నోరు రాదు.

ఆ సగం ఏంటంటే, నౌకరీ లాంటి పోర్టల్‌లో రిక్రూటర్ "జావా, 2 నుంచి 4 ఏళ్లు" అని వెతికితే సున్నా ఉన్న ప్రొఫైల్ అసలు కనపడదు. మీరెంత బాగా రాసుకున్నా కనపడదు. ఆ ఉద్యోగాలకు రోజుకు వంద అప్లికేషన్లు పెట్టి, ఒక్క ఫోనూ రాక, ఆరు నెలలకు మనిషి నలిగిపోతాడు. ఆ స్థితిలో ఉన్నప్పుడే ఫేక్ అనుభవం అమ్మే కన్సల్టెన్సీ వాళ్ల ఫోన్ వస్తుంది.

నేను ఒప్పుకోనిది మిగతా సగం. ఇంటర్వ్యూ చేసేవాళ్లకు కావాల్సింది మీరు పని చేయగలరన్న ఆధారం. అనుభవం అనేది ఆ ఆధారానికి ఒక రూపం. ఇంకో రూపం మీరు సొంతంగా తయారు చేసుకోవచ్చు, నాలుగు నెలలు కష్టపడితే చాలు. ఆ నాలుగు నెలలు ఎక్కడ, ఎలా పెట్టాలో మన దగ్గర చెప్పేవాళ్లు తక్కువ. ఫేక్ ఎలా పెట్టాలో చెప్పేవాళ్లు వీధికి నలుగురున్నారు.

ముందు ఫేక్ సంగతి తేల్చుకుందాం. "ఏం కాదు" అనేవాళ్ల ధైర్యం పదిహేనేళ్ల కిందటిది. అప్పట్లో బీజీవీ (చెప్పిన అనుభవం నిజమో కాదో చూసే బ్యాక్‌గ్రౌండ్ వెరిఫికేషన్) అంటే పాత కంపెనీ హెచ్ఆర్‌కి ఒక ఫోనో మెయిలో. ఆ నంబరు కన్సల్టెన్సీ చేతిలోనే ఉండేది. 2014లో పీఎఫ్ సంస్థ ఈపీఎఫ్ఓ యూఏఎన్ అనే ఖాతా నంబరు తెచ్చాక లెక్క మారింది. మనిషికి ఒకే నంబరు, దానికి ఆధార్ ముడి. ఏ కంపెనీలో ఏ తేదీన చేరారు, ఏ తేదీన మానేశారు అన్నది సర్వీస్ హిస్టరీలో కనపడుతుంది. ఇరవై మంది కన్నా తక్కువున్న సంస్థకు పీఎఫ్ తప్పనిసరి కాదు కాబట్టి "మాది చిన్న కంపెనీ" అని తప్పించుకోవాలని చూస్తారు. అప్పుడు జీతం పడ్డ బ్యాంకు స్టేట్‌మెంటు, జీతం మీద కోసిన పన్ను చూపించే ఫారం 16, 26ఏఎస్ అడుగుతారు. ఇవన్నీ ఒకదానితో ఒకటి కలవాలి. ఫైనల్ ఇయర్ పరీక్షలు రాస్తున్న నెలల్లోనే బెంగళూరులో ఫుల్‌టైమ్ ఉద్యోగం చేసినట్టు చూపిస్తే మార్కుల మెమోనే పట్టిస్తుంది.

దీనికీ విరుగుడు అమ్ముతారు. మీ డబ్బునే నెలనెలా జీతంగా మీ ఖాతాలోకి తిప్పి, పీఎఫ్ కూడా కట్టి, "జెన్యూన్ పేరోల్" అంటారు. దానికి వేరే రేటు. కానీ ఐటీ కంపెనీల దగ్గరా, బీజీవీ ఏజెన్సీల దగ్గరా అనుమానాస్పద సంస్థల జాబితాలు ఉంటాయి, అవి పెరుగుతూ ఉంటాయి. మీరు చేరిన ఏడాదికి మీ "పాత కంపెనీ" ఆ జాబితాకెక్కిందంటే, దాని పేరుతో వచ్చినవాళ్లందరినీ ఒకేసారి పంపించేస్తారు. అప్పుడు రిలీవింగ్ లెటర్ కూడా రాదు. ఈసారి నిజంగా చేసిన ఏడాది కూడా చెప్పుకోలేని పరిస్థితి.

దొరక్కపోయినా నష్టం ఉంది, అది ఇంకా లోతైనది. రెండున్నరేళ్ల అనుభవం అని చేరిన మనిషికి ఎవరూ నేర్పరు. రెండో వారంలోనే టికెట్లు, అంటే బాగు చేయాల్సిన సమస్యలు, మీద పడతాయి. తెలియదని అడిగితే "ఇది కూడా తెలియదా" అన్న చూపు. అందుకే రాత్రిళ్లు "జాబ్ సపోర్ట్" మొదలవుతుంది. అంటే ఇంకెవరికో నెలకింత ఇచ్చి, మన లాప్‌టాప్ స్క్రీన్ చూపించి, మన పని వాళ్లతో చేయించుకోవడం. క్లయింట్ డేటా బయటి మనిషికి చూపించడం దానికదే ఉద్యోగం పోయే నేరం. ఫ్రెషర్‌కి ఉన్న అసలైన ఆస్తి "నాకు తెలియదు, చెప్పండి" అని అడగగల స్వేచ్ఛ. దాన్ని మొదటిరోజే అమ్ముకున్నట్టవుతుంది.

అమెరికాలో ఎంఎస్ చేసి ఓపీటీ (చదువయ్యాక కొన్నాళ్లు పని చేసుకోనిచ్చే అనుమతి) మీద ఉన్న మన పిల్లల మీద ఒత్తిడి ఇంకా ఎక్కువ. మొదటి ఏడాది ఓపీటీలో మొత్తం 90 రోజులకు మించి ఉద్యోగం లేకుండా ఉండకూడదు. ఆ గడువు దగ్గరపడ్డ భయంలో కన్సల్టెన్సీ ఏడేళ్ల అనుభవంతో రెజ్యూమే రాసిస్తే సరే అంటారు. వీసా కోసం అబద్ధం చెప్పినట్టు తేలితే ఆ దేశంలోకి శాశ్వతంగా రానివ్వకుండా చేసే నిబంధన వాళ్ల చట్టంలో ఉంది. అక్కడ ఉద్యోగంతో పాటు దేశం కూడా పోతుంది.

ఇక ఫ్రెషర్‌కి తెరిచి ఉన్న తలుపులు. అందరికీ తెలిసినవి పెద్ద కంపెనీల పరీక్షలు. టీసీఎస్ ఎన్‌క్యూటీ లాంటివాటికి పదో తరగతి నుంచి డిగ్రీ దాకా అన్నిట్లో 60 శాతం, పాస్ కాని బ్యాక్‌లాగ్‌ల మీద పరిమితి, చదువులో రెండేళ్లకు మించి గ్యాప్ లేకపోవడం లాంటి షరతులుంటాయి. ఇవి మీకు సరిపోతే ఫైనల్ ఇయర్‌లోనే రాయండి. చాలామంది కోడింగ్‌లో కాకుండా ఆప్టిట్యూడ్‌లో, అదీ టైము చాలక పోతారు. రోజుకు ఒక గంట చొప్పున రెండు నెలలు గడియారం పెట్టుకుని చేస్తే ఆ భాగం దాటొచ్చు. టీసీఎస్‌లో మొదటి మెట్టు అయిన నింజా ఆఫర్ ఏళ్లుగా ఏడాదికి 3.36 లక్షల దగ్గరే ఉందని కూడా తెలుసుకోండి. 12తో భాగిస్తే 28,000 వస్తుంది గానీ కంపెనీ కట్టే పీఎఫ్, గ్రాట్యుటీ, వేరియబుల్, 200 ప్రొఫెషనల్ టాక్స్ పోగా చేతికొచ్చేది అంతకన్నా బాగా తక్కువ. ఇంట్లో చెప్పేటప్పుడు చేతికొచ్చేదే చెప్పండి. బీఎస్సీ, బీసీఏ వాళ్లకు విప్రో డబ్ల్యూఐఎల్‌పీ ఉంది, పని చేయిస్తూనే ఎంటెక్ చదివిస్తారు. ఇంటర్‌తో ఆగినవాళ్లకు హెచ్‌సీఎల్ టెక్‌బీ ఉంది. తెలంగాణలో టాస్క్ అనే ప్రభుత్వ సంస్థ, ఆంధ్రలో నైపుణ్యాభివృద్ధి సంస్థ ఉద్యోగ డ్రైవ్‌లు పెడుతుంటాయి. కేంద్రం నడిపే నాట్స్ పోర్టల్‌లో అప్రెంటిస్ ఖాళీలుంటాయి. స్టైపెండ్ తక్కువే, కానీ ఏడాది చివర చేతికొచ్చేది ప్రభుత్వం ఇచ్చే సర్టిఫికెట్. అలాంటి ఏడాదిని ఏ బీజీవీ కొట్టిపారేయదు.

అయితే 60 శాతం లేనివాళ్లు, పాస్ అయి రెండేళ్లు దాటినవాళ్లు, సివిల్, మెకానికల్ నుంచి వస్తున్నవాళ్లు ఏం చేయాలి? ఈ వ్యాసం ముఖ్యంగా వాళ్ల కోసమే. నా సలహా: ఫుల్‌స్టాక్ డెవలపర్ అన్న పేరు కాసేపు పక్కన పెట్టి అప్లికేషన్ సపోర్ట్ వైపు చూడండి. ప్రొడక్షన్ సపోర్ట్, ఎల్1 (సమస్యను మొదట అందుకునేవాళ్లు), ఎల్2 (దాని పై మెట్టు), డేటా ఆపరేషన్స్, ఎన్ఓసీ (నెట్‌వర్క్‌ని కనిపెట్టుకుని ఉండే విభాగం), ఇలా పేర్లు చాలా ఉంటాయి. పని మాత్రం దాదాపు ఒకటే: నడుస్తున్న సిస్టమ్ ఆగితే ఎందుకు ఆగిందో కనిపెట్టడం. షిఫ్టులుంటాయి, రాత్రి కూడా ఉంటుంది. అందుకే అనుభవం ఉన్నవాళ్లు దీని నుంచి బయటపడాలని చూస్తారు, ఖాళీలు వస్తూనే ఉంటాయి. "సపోర్ట్‌లో పడితే డెవలప్‌మెంట్‌కి రాలేవు" అని భయపెడతారు. స్క్రిప్టు ముట్టుకోకుండా, వచ్చిన టికెట్‌ని ఎల్2కి తోసేస్తూ మూడేళ్లు గడిపితే ఆ భయం నిజమే అవుతుంది. రోజూ వచ్చే ఒకే రకం టికెట్‌ని స్క్రిప్టుతో మాయం చేసినవాళ్లు మాత్రం ఏడాదిన్నర, రెండేళ్లలో డెవలప్‌మెంట్ జట్టుకి మారుతుంటారు.

దీనికి కావాల్సినవి మూడే: ఎస్‌క్యూఎల్ (డేటాబేస్‌ని ప్రశ్నలడిగే భాష), లినక్స్ (సర్వర్లను నడిపే ఆపరేటింగ్ సిస్టమ్), స్క్రిప్టులు రాయడానికి పైథాన్ కొంచెం. ఎస్‌క్యూఎల్ గురించి కాస్త ఎక్కువ చెప్తాను, ఎందుకంటే ఇంటర్వ్యూలు ఇక్కడే పోతాయి.

"రెండో అత్యధిక జీతం ఎవరిది" అన్న ప్రశ్న అందరికీ తెలుసు. జీతాలను పెద్ద నుంచి చిన్నకి పేర్చి, ఒక వరుస వదిలేసి తర్వాతిది తీస్తారు. ఇంటర్వ్యూ ప్యానెల్ వెంటనే అడుగుతుంది: మొదటి స్థానంలో ఇద్దరికి ఒకే జీతం ఉంటే? అప్పుడు రెండో వరుసలో వచ్చేది కూడా అత్యధిక జీతమే. ఒకే జీతం ఉన్నవాళ్లకు ఒకే స్థానం ఇచ్చే డెన్స్ ర్యాంక్ ఎందుకు వాడాలో అక్కడ తెలియాలి. రెండోది నల్ (NULL), అంటే విలువ లేని గడి. "ఈ జాబితాలో లేనివి" అని అడిగే "నాట్ ఇన్" లోపల రాసిన సబ్‌క్వెరీలో ఒక్క నల్ ఉన్నా ఫలితం మొత్తం ఖాళీగా వస్తుంది, ఎర్రర్ కూడా రాదు. మూడోది రెండు టేబుళ్లను కలిపే లెఫ్ట్ జాయిన్. ఎడమ టేబుల్‌లోని వరుసలన్నీ కావాలని లెఫ్ట్ జాయిన్ రాసి, కుడి టేబుల్ కాలమ్ మీద షరతును వేర్ (WHERE) భాగంలో పెడతారు. జత దొరకని వరుసల్లో ఆ కాలమ్ నల్, నల్ ఏ పోలికకూ నిలబడదు. దాంతో అది జత దొరికిన వరుసలనే ఉంచే మామూలు ఇన్నర్ జాయిన్ అయిపోతుంది. షరతును ఆన్ (ON) భాగంలోకి జరపాలి. ఈ మూడూ కారణంతో సహా చెప్పగలిగితే, పదిహేను కోర్సుల సర్టిఫికెట్ల కన్నా ఎక్కువ నమ్మకం కలుగుతుంది.

లినక్స్‌లో కూడా కమాండ్ల జాబితా బట్టీ పట్టి లాభం లేదు. ఒక సంఘటన చుట్టూ నేర్చుకోండి. డిస్క్ నిండిపోయింది అనుకోండి. డిస్క్ ఎంత నిండిందో చెప్పే డీఎఫ్ (df) కమాండ్ కొడితే నూరు శాతం చూపిస్తుంది. ఫోల్డర్ల సైజు చెప్పే డీయూ (du)తో ఫోల్డర్లన్నీ కూడితే అంత లేదు. మిగతా జాగా ఏమైంది? ఎవరో పెద్ద లాగ్ ఫైలు చెరిపేశారు, కానీ దాన్ని రాస్తున్న ప్రాసెస్ ఇంకా తెరిచి పట్టుకునే ఉంది. ఏ ఫైలు ఎవరు తెరిచారో చెప్పే ఎల్‌ఎస్‌ఓఎఫ్ (lsof)తో ఆ ప్రాసెస్‌ని పట్టుకుని రీస్టార్ట్ చేస్తేనే జాగా తిరిగొస్తుంది. ఒకవేళ డీఎఫ్‌లో జాగా ఉన్నా కొత్త ఫైలు రాయలేకపోతే ఐనోడ్‌లు (ఫైలుకొకటి చొప్పున ఖర్చయ్యే నమోదులు) అయిపోయాయేమో చూడాలి, లక్షల చిన్న ఫైళ్లున్నప్పుడు అలా జరుగుతుంది. సొంత లాప్‌టాప్‌లో వర్చువల్ మెషీన్ పెట్టుకుని దీన్ని కావాలనే చెడగొట్టి, బాగు చేసి చూడండి. ఒక ఆదివారం చాలు.

ప్రాజెక్టు దగ్గరకొద్దాం. కొనుక్కున్న ఫైనల్ ఇయర్ ప్రాజెక్టు, ఆ ముఖం గుర్తుపట్టి హాజరు వేసేది, ప్యానెల్‌కి కంఠతా వచ్చేసింది. "ఒకే పోలికున్న అన్నదమ్ములు ఒకే క్లాసులో ఉంటే ఏం చేశారు" అని అడిగితే అక్కడితో సరి. చిన్నదైనా సరే, నిజమైన డేటాతో, మీరే తిప్పలు పడ్డది కావాలి. ఉదాహరణకి ఒకటి పూర్తిగా చెప్తాను.

తెలంగాణ ప్రభుత్వ ఓపెన్ డేటా పోర్టల్‌లో మండలాలవారీగా రోజువారీ వర్షపాతం ఫైళ్లుంటాయి. దాదాపు 600 మండలాలు, రోజుకొక వరుస. ఏడాదికి సుమారు 2,19,000 వరుసలు. అయిదేళ్లు కలిపితే ఎక్సెల్ పరిమితి 10,48,576 దాటుతుంది. డేటాబేస్ ఎందుకు వాడావు అన్న ప్రశ్నకు ఇదే జవాబు. పోస్ట్‌గ్రెస్ అనే డేటాబేస్‌లో ముందు ఒక ముడి టేబుల్ పెట్టి, అన్ని కాలమ్‌లూ టెక్స్ట్‌గానే ఎక్కించండి. ఫైలులో రోజు ముందుండి, డేటాబేస్ నెల ముందని అనుకుంటే, తేదీని మొదటే తేదీగా ఎక్కించబోయినప్పుడు 13వ తారీఖు దగ్గర ఎర్రర్ వస్తుంది. అసలు ప్రమాదం దానికి ముందుంది: 12లోపు తేదీలు రోజు, నెల తారుమారై ఏ ఎర్రరూ లేకుండా ఎక్కేస్తాయి. జూలై 3 కాస్తా మార్చి 7 అవుతుంది, ఎండాకాలంలో కుండపోత కనపడుతుంది.

తర్వాత పేర్లు. ఒకే మండలాన్ని రెండు ఫైళ్లలో రెండు స్పెల్లింగులతో రాసి ఉండొచ్చు. జిల్లాల సంగతి ఇంకా చిక్కు. 2016 అక్టోబరులో 10 జిల్లాలు 31 అయ్యాయి, 2019లో ములుగు, నారాయణపేట కలిసి 33. 2021 ఆగస్టులో వరంగల్ అర్బన్ హనుమకొండ అయింది, వరంగల్ రూరల్ కాస్తా వరంగల్ అయింది. అంటే "వరంగల్ జిల్లా వర్షపాతం" అని గ్రూప్ చేస్తే ఏ ఏడాదిని బట్టి అది వేరువేరు భూమి. దీనికి చేత్తో ఒక మ్యాపింగ్ టేబుల్ తయారు చేయాలి, ఏ తేదీ నుంచి ఏ తేదీ దాకా ఏ పేరు అని. విసుగు పుట్టే పని, రెండు మూడు రోజులు పడుతుంది. బ్యాంకుల్లో, ఇన్సూరెన్స్‌లో డేటా పని చేసేవాళ్లు రోజూ పడే బాధ సరిగ్గా ఇదే కాబట్టి ప్యానెల్ ఇక్కడ ముందుకు వంగి వింటుంది. ఖాళీగా ఉన్న గడిని సున్నా చేయకండి. సున్నా అంటే వాన పడలేదు. ఖాళీ అంటే కొలవలేదు.

చివరగా దీన్ని రోజూ దానంతటదే నడిచేలా క్రాన్‌లో (చెప్పిన టైముకి స్క్రిప్టు నడిపే లినక్స్ సదుపాయం) పెట్టండి. టెర్మినల్‌లో నడిచిన స్క్రిప్టు క్రాన్‌లో నడవకపోవచ్చు, ఎందుకంటే ప్రోగ్రాములు ఏ ఫోల్డర్లలో ఉన్నాయో చెప్పే మీ పాత్ సెట్టింగులు క్రాన్‌కి తెలియవు. పూర్తి పాత్ రాయాలి. క్లౌడ్ సర్వర్ గడియారం యూటీసీలో (మనకన్నా అయిదున్నర గంటలు వెనక ఉండే ప్రపంచ ప్రామాణిక సమయం) ఉంటే ఉదయం 6 అని పెట్టింది మన టైము ప్రకారం 11:30కి నడుస్తుంది. పొరపాటున రెండుసార్లు నడిస్తే వరుసలు రెట్టింపవుతాయి కాబట్టి మండలం, తేదీ కలిపి ప్రైమరీ కీ (రెండోసారి రాకూడని గుర్తు) పెట్టి, ఉన్న వరుసనే అప్‌డేట్ చేసేలా రాయండి. ఫెయిలైతే మెయిల్ రావాలి. అన్నీ కోడ్ దాచుకునే సైట్ గిట్‌హబ్‌లో ఒక రెపోగా (ప్రాజెక్టు ఫోల్డర్), చిన్నచిన్న కమిట్‌లుగా (ఒక్కో మార్పు నమోదు) పెట్టండి. మూడు వారాల్లో నలభై కమిట్‌లున్న రెపోకీ, "ఫైనల్" అని ఒకే కమిట్ ఉన్న రెపోకీ తేడా చూడగానే తెలుస్తుంది. కోడ్ రాయడానికి చాట్‌జీపీటీ సాయం తీసుకోవడంలో తప్పేం లేదు. ఏ లైను తీసేస్తే ఏం పాడవుతుందో మీకు తెలియాలి, అంతే. తెలియని లైను రెపోలో ఉంచకండి.

రెజ్యూమే ఒక పేజీ. రెండు కాలమ్‌ల టెంప్లేట్, ఫోటో, నైపుణ్యాలకు చుక్కలు, గీతలు వద్దు. కంపెనీల సాఫ్ట్‌వేర్ వాటిని సరిగ్గా చదవలేకపోవచ్చు. తండ్రి పేరు, వైవాహిక స్థితి, డిక్లరేషన్ తీసేయండి. వరుసగా మూడు ప్రశ్నలకు నిలబడగల నైపుణ్యాన్నే రాయండి. పైన ప్రాజెక్టు, కింద చదువు. పోర్టల్ ప్రొఫైల్‌ని వారానికి రెండు మూడుసార్లు తెరిచి ఏదో ఒకటి సరిచేస్తూ ఉండండి. ఇటీవల యాక్టివ్‌గా ఉన్నవాళ్లనే చూపించమనే ఫిల్టర్ రిక్రూటర్ల దగ్గర ఉంటుంది.

రిఫరల్ అడగడం మనవాళ్లకు మొహమాటం, అడిగినప్పుడేమో "అన్నా, ఏదైనా ఉంటే చూడన్నా" అంటారు. ఆ అన్న ఏం చూడాలి? వాళ్ల కంపెనీ కెరీర్స్ పేజీలో మీరే ఉద్యోగం వెతికి, ఐడీ పట్టుకుని, ఇలా పంపండి: "అన్నా, మీ కంపెనీలో ఈ జాబ్ ఐడీ పడింది, హైదరాబాద్ లొకేషన్, 0-1 ఏళ్లు. నేను 2023 పాస్‌అవుట్, ఎస్‌క్యూఎల్, లినక్స్ మీద పని చేశాను, ప్రాజెక్టు లింకు, రెజ్యూమే జత చేశాను. వీలైతే రిఫర్ చేయగలరా?" ఇది రెండు నిమిషాల పని కాబట్టి చేస్తారు. వారానికి అయిదుగురికి పంపండి. యాభై మందికి ఒకే మెసేజ్ కాపీ కొట్టకండి. చిన్న కంపెనీలకు నేరుగా రాయండి, అక్కడ మెయిల్ చదివేది తరచుగా పని చేయించుకునే మనిషే.

ఆఫర్ వచ్చాక రెండు మూడు జాగ్రత్తలు. డిపాజిట్, ట్రైనింగ్ ఫీజు, లాప్‌టాప్ ఖర్చు, పేరేదైనా సరే డబ్బు అడిగితే వదిలేయండి. కంపెనీ పేరును కేంద్ర కార్పొరేట్ వ్యవహారాల శాఖ సైట్‌లో కొట్టి ఎప్పుడు నమోదైందో చూడండి. ఒరిజినల్ సర్టిఫికెట్లు చూపించండి, వదిలేసి రాకండి. ఇన్నేళ్లు చేస్తాను, ముందే మానేస్తే ఇంత కడతాను అని రాసిచ్చే "బాండ్లు కోర్టులో నిలవవు" అన్న మాట నమ్మి సంతకం పెట్టేయకండి. 2025 మేలో విజయా బ్యాంకు కేసులో సుప్రీంకోర్టు మూడేళ్ల సర్వీసు, రెండు లక్షల బాండును సమర్థించింది. ప్రతి బాండుకూ అదే వర్తిస్తుందని కాదు గానీ, ఎన్ని నెలలు, ఎంత మొత్తం, ట్రైనింగ్‌లో వాళ్లే తీసేస్తే ఏమవుతుంది అన్నవి చదివాకే సంతకం. ఇంకోటి, లెటర్ ఆఫ్ ఇంటెంట్ (ఉద్యోగం ఇవ్వాలనుకుంటున్నామని చెప్పే లేఖ) చేతికి రాగానే వెతకడం ఆపకండి. 2022లో ఆఫర్లు అందుకున్నవాళ్లలో చాలామంది జాయినింగ్ తేదీ కోసం ఏడాది, ఆపైన ఎదురుచూశారు.

ఇక అందరూ భయపడే ప్రశ్న: "2023లో పాసయ్యారు, ఇన్నాళ్లూ ఏం చేశారు?" ఇక్కడే చాలామంది తడబడి, కనీసం ఆరు నెలల ఇంటర్న్‌షిప్ అయినా కల్పిస్తారు. వద్దు. ఇలా చెప్పండి: "ఏడాది పాటు డెవలపర్ ఉద్యోగాలకు ప్రయత్నించాను సార్, రాలేదు. ఇంటి అవసరాల కోసం కొన్నాళ్లు మా ఊళ్లో షాపులో లెక్కలు చూశాను. గత నాలుగు నెలలుగా ఎస్‌క్యూఎల్, లినక్స్ మీద ఉన్నాను. వర్షపాతం డేటా మీద ఒకటి చేశాను, రోజూ నడుస్తోంది. నిన్న రాత్రి ఫెయిలైంది, ఎందుకో పొద్దున కనుక్కున్నాను. చెప్పమంటారా?"

చెప్పమనే అంటారు. లాగ్ ఫైలు తెరిచే ఉంచుకోండి.